తొమ్మిదో బోరు నీళ్ళు

నేను ఒక స్టీలు గొట్టాన్ని. మూడడుగుల పొడవు ఉంటాను, పిడికిట్లో పట్టేంత లావు. పైన నా మూతి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దానికి తాడు కట్టే కొక్కెం ఉంది. అడుగున ఒక రంధ్రం, ఆ రంధ్రం మీద గోలీకాయంత స్టీలు గుండు. నన్ను బోరుబావిలోకి దించితే నీరు ఆ గుండును పైకి నెట్టి నాలోకి వస్తుంది. పైకి లాగగానే గుండు తన బరువుతో తానే రంధ్రం మీద కూర్చుంటుంది. అంతే, తలుపు మూసుకుపోతుంది. ఏ లోతులోని నీటిని ఆ లోతు నుంచే తెచ్చి చూపించడం నా పని. నా చదువు అంతవరకే.

నన్ను హైదరాబాదులో బాలానగర్ షెడ్లలో ఒక లేతు మిషను మీద చేశారు. చేసిన మనిషికి నేను దేనికో తెలియదు. "తుపాకీ గొట్టమా భాయ్, పాలు కొలిచే గొట్టమా?" అని పక్కవాడు అడిగితే, "ఎవరో మాస్టారు బొమ్మ గీసిచ్చాడు, ఆయన ఏం చేసుకుంటే మనకెందుకు," అన్నాడు. అయినా నా లోపలి అంచును వేలితో తడిమి తడిమి నున్నగా చేశాడు. తెలియని పనికి కూడా అంత శ్రద్ధ పెట్టడం మనుషుల్లో నేను మొదట చూసిన వింత.

ఆ మాస్టారి పేరు చయనులు. భూగర్భ జలాల శాస్త్రజ్ఞుడు. ఆయన చేతుల్లో నేను కోనసీమ తీరమంతా తిరిగాను. సముద్రం ఇసుక కింద నుంచి మంచినీటిలోకి ఎలా పాకుతోందో చూడడం ఆయన పని. పైన కొబ్బరి తోటలు, కోడిపుంజులు, ఆదివారం సంతలు. కింద ఉప్పునీరు, మంచినీరు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ, చప్పుడు చేయకుండా నిలబడి ఉండేవి. మనుషులు నడిచే నేల కింద ఇంత పెద్ద లోకం ఉందని నాకు అక్కడే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి, పైన ఎవరెంత గొంతు పెంచి మాట్లాడినా నాకు కాస్త నవ్వు వచ్చేది.

మాస్టారు ఉద్యోగం విరమించేటప్పుడు నన్ను తన శిష్యురాలు వైజయంతి చేతిలో పెట్టారు. అనంతపురం వైపు పిల్ల. నీళ్ళ కోసం ట్యాంకరు వెనక పరిగెత్తిన ఊరు వాళ్ళది. అందుకేనేమో నీటిని చూసినప్పుడు ఆమె ముఖం మారేది.

"ఒక బావిలో దించాక బాగా కడగకుండా రెండో బావిలో దించకు," అన్నారు మాస్టారు. "దించావంటే ఇది అబద్ధం చెబుతుంది. మొదటి బావి మాటను రెండో బావి మాటగా చెబుతుంది."

వైజయంతి ఆ మాట పాటించింది. ఆమె నన్ను కడిగినంత శ్రద్ధగా చాలామంది మనుషులు తమ చేతులు కడుక్కోరు.

ఆమెతో నేను వెళ్ళిన చోట్లన్నిటిలో పెద్ద కథ ఒక్కటే. హైదరాబాదుకు పడమటగా, గుట్టల మధ్య ఒక పరిశోధన సంస్థ ఉండేది. ఎత్తయిన ప్రహరీ, లోపల వేపచెట్లు, ప్రయోగశాలలు, ఉద్యోగుల క్వార్టర్లు. సున్నితమైన లోహపు పరికరాలు తయారు చేయడంలో ఆ సంస్థకు మంచి పేరు. ఒక సంవత్సరం వాళ్ళు నీళ్ళలో విషాలను కనిపెట్టే కొత్త యంత్రం ఒకటి తెప్పించుకున్నారు. ఊళ్ళవాళ్ళ చెరువుల్లో, ఫ్యాక్టరీల కాలువల్లో ఏముందో పరీక్షించి చెప్పాలని వాళ్ళ ఆశ. యంత్రాన్ని సరిచూసుకోవడానికి ఏ విషమూ లేని నీళ్ళు కావాలి కదా. తమ కుళాయి నీళ్ళే పోశారు. యంత్రం ఒప్పుకోలేదు. ఏదో ఉంది అంది. యంత్రం చెడిపోయిందని కంపెనీవాళ్ళను పిలిచారు. బాగుచేసి వెళ్ళారు. మళ్ళీ అదే మాట. మళ్ళీ పిలిచారు. కుళాయిని అనుమానించడానికి అంతమంది చదువుకున్నవాళ్ళకు వర్షాకాలం అంతా పట్టింది.

అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు వరదాచారిగారు వైజయంతికి కబురు చేశారు.

దోషం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడం కష్టం కాలేదు. పాత వర్క్‌షాపులో ఇత్తడి, ఉక్కు భాగాలకు అంటిన జిడ్డు పోవడానికి ఒక ద్రావకంలో ముంచేవారు. నీళ్ళలా తేటగా, తియ్యటి వాసనతో ఉంటుంది. ముంచి ముంచి మురికి పట్టాక దాన్ని వెనకున్న గోతిలో పారబోసేవారు. ఎవరికీ చెడు చేయాలని కాదు. గోతిలో పోయగానే కనబడకుండా పోయేది. కనబడనిది లేదనుకోవడం మనుషులకు అలవాటు. ఆ వర్క్‌షాపు మూతపడి చాలాకాలమైంది. గోతి మీద ఇప్పుడు గులాబీ తోట ఉంది.

తోట పక్కన మొదటి బోరు వేశారు. నన్ను దించింది ఇమ్తియాజ్. వైజయంతి దగ్గర నమూనాలు తీసే ఉద్యోగి, నడివయసు మనిషి, పెద్దగా మాట్లాడడు. తాడు అతని వేళ్ళలోంచి మెల్లగా జారుతుంటే నేను దిగాను. మొదట ఎర్రమట్టి, తర్వాత పెళుసు రాయి, ఆ తర్వాత నల్లటి చల్లదనం. రాయి మధ్య గీతంత పగుళ్ళు. ఆ పగుళ్ళలోంచి నీరు నడుస్తోంది. పరుగు కాదు, నడక కూడా కాదు, తపస్సులో ఉన్నవాడి శ్వాసలాంటి కదలిక. ఆ నీటిలో కొంత వైజయంతి పుట్టక ముందు కురిసిన వాన. ఇంకొంత ఆ సంస్థ కట్టక ముందుది. తెచ్చి చూపించే గొట్టాన్నే కానీ, ఆ చీకట్లో నిలబడినప్పుడు నాకు చేతులుంటే జోడించేదాన్ని.

ఆ నీటిలో ద్రావకం ఉంది. నీటికంటే బరువైనది కాబట్టి తేలలేదు, మునిగింది. పగులు దొరికిన చోటల్లా దూరి, రాతి సందుల్లో చిన్న చిన్న మడుగులుగా కూర్చుని, పక్క నుంచి వెళ్ళే నీటిలోకి కొంచెం కొంచెం కరుగుతోంది.

నేల వాలు తూర్పుకు కాబట్టి తూర్పున బోర్లు వేశారు. అవన్నీ శుభ్రంగా ఉన్నాయి! వరదాచారిగారు ఊపిరి పీల్చుకున్నారు. "అయితే మన తోట దాటలేదన్నమాట," అన్నారు.

"మరి మీ కుళాయి బోరులోకి ఎట్లా పోయింది సార్? అది దక్షిణాన ఉంది," అంది వైజయంతి.

ఆమె గుట్టల మీద తిరిగింది. తెల్లటి రాళ్ళ మధ్య ఒకచోట నల్లటి రాతి చార నేలలోంచి పైకి వచ్చి గోడలా సాగడం చూసింది. ఎప్పుడో, ఈ నేల మీద ప్రాణి అన్నది లేనప్పుడు, రాయి చీలితే కింది నుంచి కరిగిన రాయి పొంగి ఆ చీలికలో గడ్డకట్టింది. అదే ఈ చార. భూమి లోపల అది అడ్డుగోడ. తూర్పుకు పోవాల్సిన నీరు దాన్ని తాకి, దక్షిణానికి తిరిగి, దాని వెంటే పోతోంది. ఆమె ఆ చార వెంట నడిచింది. చార ప్రహరీ కింద నుంచి వెళ్ళిపోయింది. ఆమె గేటులోంచి బయటికి వెళ్ళి మళ్ళీ దాన్ని పట్టుకుంది. అది ఒక కూరగాయల మడి దాకా తీసుకెళ్ళింది.

మడి సత్తెవ్వది. పాలకూర, కొత్తిమీర పండించి సంతలో అమ్మేది. ఎండలో నడిచి వచ్చిన వైజయంతినీ ఇమ్తియాజ్‌నూ చూసి ఆమె ఏమీ అడగకముందే స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది.

"ముందుగల నీళ్ళు తాగుండ్రి. మా బోరు నీళ్ళు శెక్కర లెక్క ఉంటయి బిడ్డా. పక్క పొలాలోళ్ళు గూడ బిందెలు పట్టుకొని ఈడికే వస్తరు."

వైజయంతి గ్లాసు నోటి దాకా ఎత్తి ఆగిపోయింది. మెల్లగా వాసన చూసింది.

"ఎప్పటి నుంచి తియ్యగా ఉన్నాయమ్మా?"

"నేను కాపురానికొచ్చినప్పుడు సప్పగుండె. నడిమిట్ల ఎప్పుడో తియ్యగైనయి. మైసమ్మ తల్లి సల్లగ చూసింది."

వైజయంతి గ్లాసు కింద పెట్టింది. సత్తెవ్వ ముఖం చిన్నబోయింది, వెంటనే ఎర్రబడింది.

"ఏంది, నా చేతి నీళ్ళు తాగవా? మాదేం కులమని చూస్తున్నవా?"

"అయ్యో, కాదమ్మా!" వైజయంతి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ గోడ లోపలి నుంచి ఒక మందు భూమిలోకి దిగింది. అది మీ బోరులోకి వచ్చిందని నాకు భయంగా ఉంది. పరీక్ష చేసి చెబుతాను. అంతవరకు మీరూ తాగొద్దు. ఇంట్లో ఎవరూ తాగొద్దు."

సత్తెవ్వ గుడిసె వైపు చూసింది. గుమ్మంలో ఆమె కోడలు భాగ్య నిలబడి ఉంది, ఒక చెయ్యి నడుము మీద.

"కోడలు నీళ్ళోసుకున్నది," అంది సత్తెవ్వ. గొంతులో కోపం లేదు ఇప్పుడు. "రోజు గివే తాగుతున్నది బిడ్డా."

ఆమె బోరు నీళ్ళు మోటారు వేసి కుళాయి నుంచే పట్టారు, నా అవసరం రాలేదు. నేను ఇమ్తియాజ్ భుజం మీద వేలాడుతూ, చిన్న గాజు సీసాలోకి గాలి బుడగ కూడా లేకుండా నీరు నింపుతున్న వైజయంతిని చూశాను.

అనుమానం నిజమైంది. సంస్థలో సమావేశం పెట్టారు. బల్ల మీద ప్రతి కుర్చీ ముందూ ఒక సీలు వేసిన నీళ్ళ సీసా పెట్టి ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

"రెండోసారి నమూనాలు తీద్దాం," అన్నారు వరదాచారిగారు. "ఇంకో లాబులో కూడా చూపిద్దాం. అన్నీ రూఢి అయ్యాక బయటివాళ్ళకు చెబుదాం. ఏమంటారు?"

"నేను చెప్పేశాను సార్."

"ఎవరికి?"

"తాగుతున్నవాళ్ళకు."

వరదాచారిగారు చెడ్డవారు కాదు. జీవితమంతా పొరపాటు లేకుండా పనిచేయడానికి అలవాటు పడినవారు. పొరపాటు ఎదురైతే దాన్ని ఇంకోసారి కొలవాలనిపిస్తుంది అలాంటివాళ్ళకు. ఆయన తన ముందున్న సీసాను తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు.

"మా అమ్మాయి ఈ క్వార్టర్సులోనే పుట్టింది," అన్నారు చివరికి. అది ఎవరితో అన్నారో తెలియదు. తర్వాత లేచారు. "రేపటి నుంచి ట్యాంకర్లు. ముందు ఊరికి, తర్వాతే మనకు."

మరునాడు ఆయన ఒంటరిగా నడిచి మడి దగ్గరికి వచ్చారు. మేము ప్రహరీ గోడ పక్కన బోరుకు గుర్తు పెడుతున్నాం కాబట్టి విన్నాను. "మా గోడ లోపలి తప్పు మీ పొలం దాకా వచ్చిందమ్మా. క్షమించమని అడగడానికి వచ్చాను," అన్నారు.

సత్తెవ్వ కొత్తిమీర కట్టలు కట్టడం ఆపలేదు. "మాఫీ నేనేం జేస్కుంట సారు? దాన్తోని దూప తీర్తదా? నీళ్ళు మంచిగ జేసియ్యి."

వర్షాలు మొదలయ్యే వేళకు భాగ్య ప్రసవించింది. మగపిల్లవాడు. హైదరాబాదు నుంచి డాక్టరును పిలిపించి గుండె, ఊపిరి అన్నీ చూపించారు. పిల్లవాడు బాగున్నాడని ఇమ్తియాజ్‌కు ఫోను వచ్చినప్పుడు నేను బోరు సగం లోతులో ఉన్నాను. తాడు ఉన్నట్టుండి ఆగింది. పైన అతను ముఖం తుడుచుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

నీళ్ళు మంచిగా చేయడం చెప్పినంత సులువు కాదు. తోట దగ్గర ఒక పొడవాటి గోపురం లాంటిది కట్టారు. కింది నుంచి నీరు తోడి పై నుంచి చినుకులుగా జార్చి, ఎదురుగా గాలి కొడితే ద్రావకం నీటిని వదిలి గాలిలోకి వస్తుంది. ఆ గాలిని బొగ్గులోంచి పంపితే బొగ్గు దాన్ని పట్టుకుంటుంది. గోడ పక్కన కూడా ఒక బోరు వేసి, దోషపు నీరు పొలం వైపు పోకుండా తోడుతూ ఉండేవారు. మొదటి ఏళ్ళలో నేను తెచ్చిన ప్రతి నమూనా వెనకటిదానికంటే మెరుగ్గా వచ్చేది. తర్వాత మెరుగు ఆగిపోయింది. తోడినంతకాలం తగ్గేది, ఆపితే మళ్ళీ పెరిగేది. రాయి ఇన్నేళ్ళుగా తాగినదాన్ని చెమటలా బయటికి పోస్తోంది. వరదాచారిగారి జుట్టు తెల్లబడింది. "ఇది నా తర్వాతివాళ్ళకు కూడా మిగిలేట్టుంది," అన్నారు ఒకరోజు.

నేను ఆ ప్రాంగణంలోని బోర్లన్నిటిలోకీ దిగేదాన్ని. తొమ్మిదో బోరు ఒక మూలన, పాత గోబర్ గ్యాస్ ప్లాంటు పక్కన ఉండేది. పేడనీరు దశాబ్దాలుగా ఇంకిన నేల అది. అక్కడ నేను పైకి తెచ్చే నీరు నల్లగా, కుళ్ళిన గుడ్ల కంపు కొడుతూ ఉండేది. ఆ కంపుకు అందరూ దాని వంతు తొందరగా ముగించేవారు. నల్లరాతి చార దాని పక్క నుంచే పోతుంది, కాబట్టి ద్రావకం తప్పకుండా ఉండాలి. ఒకసారి పరీక్షలో అది దాదాపు కనిపించలేదు.

"గొట్టం తప్పు కాదు కదా?" అంది వైజయంతి. నన్ను మళ్ళీ కడిగింది. మళ్ళీ దించింది. మళ్ళీ అదే జవాబు.

ఆమె ఆ నీటిని సూక్ష్మజీవులను చదివేవాళ్ళకు పంపింది. జవాబు వచ్చిన రోజున ఆమె తొమ్మిదో బోరు అంచున కంపు కూడా పట్టించుకోకుండా కూర్చుండిపోయింది. ఇమ్తియాజ్ వచ్చి ఏమైందని అడిగాడు.

"మనం గాలి పీల్చినట్టు అవి ఆ విషాన్ని పీల్చి బతుకుతాయంట ఇమ్తియాజ్ గారూ," అంది. "గాలి తగిలితే చచ్చిపోతాయి. కంటికి కనపడవు. ఆ విషంలో ఒక్కో అణువుకు మూడు క్లోరిన్లు మేకుల్లా దిగి ఉంటాయి. ఒక్కో మేకూ పీకేస్తాయి. మూడూ పీకితే మిగిలేది ఎవరికీ హాని చేయదు. మనం ఇన్నేళ్ళు గోపురం కట్టి కొట్టుకుంటున్నాం. ఇవి ఇక్కడ, ఈ పేడ గుంట కింద, ఎవరూ చెప్పకుండా చేస్తున్నాయి."

ఇమ్తియాజ్ బోరులోకి తొంగి చూశాడు. చూడ్డానికి ఏమీ లేదు, చీకటి తప్ప. అయినా అతను చెప్పులు విడిచి నిలబడ్డాడు.

అలాంటి జీవులు మిగతా చోట్ల కూడా ఉంటే ఆకలితో ఉంటాయని, వాటికి తిండి పెట్టాలని నిర్ణయించారు. చక్కెర ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ముల్లో మడ్డి తెప్పించారు, బెల్లం పాకంలా నల్లగా చిక్కగా ఉండేది. నీళ్ళలో కలిపి తోట చుట్టూ బోర్లలో పోశారు. నెలలు గడిచాక నేను తెచ్చిన నీటిలో పాత ద్రావకం నిజంగానే పడిపోయింది. కానీ దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. రెండు మేకులు పీకాక, మూడోది మిగిలిన రూపం. అది మొదటిదానికంటే ఘోరమైన విషం.

వరదాచారిగారు కాగితం బల్ల మీద పెట్టారు. చెయ్యి దాని మీదే ఉంచారు. "మీ వైద్యం రోగం కంటే భయంగా ఉందమ్మా. ఆపేయండి."

"ఇప్పుడు ఆపితే అది అట్లే ఉండిపోతుంది సార్. ఇక్కడున్న జీవులకు చివరి మేకు పీకడం రాదు. తొమ్మిదో బోరులో ఉన్నవాటికి వస్తుంది. వాటిని ఇక్కడికి తెస్తాను."

"పని చేయకపోతే? గోడ అవతల చిన్నపిల్లవాడు ఉన్నాడు."

"తెలుసు సార్. గోడ పక్క బోరు ఒక్క క్షణం ఆగకుండా తోడిద్దాం. ఈ కొత్తది కూడా గోపురంలో గాలికి తొందరగా వదులుతుంది. అక్కడి నీళ్ళు నేనే స్వయంగా తీస్తాను."

ఆయన కాగితం మీద నుంచి చెయ్యి తీసేశారు.

ఆ వారంలో నా బతుకులో ఎప్పుడూ జరగనిది జరిగింది. ఒక బావి నీటిని ఇంకో బావికి మోసుకుపోకుండా ఉండడానికే ఇన్నేళ్ళు నన్ను కడిగారు. ఇప్పుడు మోసుకుపోవడానికే దించారు. తొమ్మిదో బోరు నుంచి నల్లటి నీరు నింపుకుని పైకి రావడం, గాలి తగలకుండా గొట్టం అడుగును వెంటనే డబ్బా నీటిలో ముంచి వదలడం. గాలి లేని డ్రమ్ములో, మడ్డి తిండితో ఆ జీవులు పెరిగాయి. పెరిగాక వాటిని తోట బోర్లలోకి పంపారు. నా లోపలి గోడకు ఆనుకుని కోట్ల ప్రాణాలు ప్రయాణం చేశాయి. ఉక్కుకు ఒళ్ళు జలదరించదంటారు. అన్నవాళ్ళెవరూ ఉక్కు కారు.

ఎదురు చూశారు. వైజయంతి మాట ప్రకారం గోడ పక్క బోరులో ప్రతిసారీ తానే నన్ను దించేది. తాడు పట్టిన ఆ చెయ్యి ఒకప్పటి పిల్ల చెయ్యి కాదు. చర్మం మీద ఎండ గీతలు పడ్డాయి. మొదటి నెలల్లో ఏ మార్పూ లేదు. ఒక చలికాలం ఉదయం తోట బోరు నీళ్ళ ఫలితం వచ్చింది. ఘోరమైనది సగానికి పడిపోయింది. వేసవికి ఇంకా తగ్గింది. రెండో వేసవికి తోటలోనూ, గోడ పక్కనా, సత్తెవ్వ బోరులోనూ యంత్రం దాన్ని వెతికి వెతికి లేదంది. వాన నీళ్ళలా, ఏమీ లేదంది. మొదట్లో కుళాయి నీళ్ళను తప్పు పట్టింది ఆ యంత్రమే. ఈసారి దాన్ని బాగుచేయమని ఎవరూ కంపెనీవాళ్ళను పిలవలేదు.

వరదాచారిగారు అప్పటికి ఉద్యోగం విరమించారు. అయినా సత్తెవ్వ బోరు మళ్ళీ తెరిచే రోజున వచ్చారు. సత్తెవ్వ మోటారు వేసింది. పైపులోంచి నీరు దూకింది. ఆమె దోసిలి పట్టి ఒక గుక్క తాగి, నాలుక మీద కాసేపు ఉంచుకుంది.

"సప్పగున్నయి," అంది. తర్వాత పెద్దగా నవ్వింది. "నా పెండ్లినాటి నీళ్ళు గివే సారు!"

అప్పటికి బడికి పోతున్న ఆమె మనవడు పైపు కింద తలపెట్టాడు. వరదాచారిగారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. నీటి తుంపర పడిందని చెప్పారు.

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నీటిని గమనిస్తూనే ఉండాలని నిర్ణయించారు, ఎందుకంటే రాయి మాటను తొందరగా నమ్మకూడదు. ఒకరోజు గోడ పక్క బోరులో ఇమ్తియాజ్ నన్ను పైకి లాగుతుంటే కొక్కెం దగ్గర తాడు తెగింది. ఒక్కసారిగా జారి, రాతికి తగులుతూ, అడుగుకు వచ్చి పడ్డాను. గాలం వేసి వెతికారు. ఒకసారి గాలం నా మూతిని పట్టింది, సగం ఎత్తాక జారింది. ఇమ్తియాజ్ మళ్ళీ మళ్ళీ వేశాడు. చివరికి వైజయంతి గొంతు, చాలా పై నుంచి, నాణెమంత వెలుగులోంచి వినబడింది.

"చాలు ఇమ్తియాజ్ గారూ. స్టీలే కదా, ఏమీ కాదు నీళ్ళకు. మాస్టారికి ఏం చెప్పాలో నేను ఆలోచించుకుంటాను."

ఆమె వెంటనే వెళ్ళలేదు. వెలుగుకు అడ్డంగా ఆమె తల నీడ చాలాసేపు ఉంది.

ఇప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఎవరూ దించరు, ఎవరూ కడగరు. నా గుండు తన చోట కూర్చుని ఉంది. పక్క పగులులోంచి నీరు వచ్చి నా మూతిలో కాసేపు ఆగి, పొంగి, దక్షిణానికి సాగుతుంది. తెచ్చి చూపించడానికి తప్ప నీటి దగ్గర ఇంతసేపు ఉండే యోగం నాకు ఎప్పుడూ కలగలేదు. రోజూ పొద్దున పొలంలో మోటారు వేస్తారు. రాయి సన్నగా అదురుతుంది. నా చుట్టూ ఉన్న నీరంతా ఒక్కసారి అటు తిరుగుతుంది.